దారోగా తాత చదివిన ఉత్తరం

మొన్న పక్కింటివాళ్ళ మనవడి పెళ్ళి పత్రిక వచ్చింది. బంగారు అంచుల అట్ట, లోపల అంతా ఉర్దూ. మా ఇంట్లో ఇప్పుడు ఉర్దూ చదవగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి మనవరాలు దాన్ని నా ఒళ్ళో పడేసి, "ఎప్పుడట నానమ్మా, దావత్ ఎక్కడట, అది చెప్పు చాలు" అన్నది. నేను కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి మొదలుపెట్టాను. పాతకాలపు ఉర్దూలో పిలుపంటే ముందు దేవుణ్ణి తలవాలి, తరువాత పెద్దల్ని, ఆ తరువాత చదివేవారి మంచిచెడ్డలు అడగాలి, అసలు సంగతి చిట్టచివర ఒక మూలన వస్తుంది. అక్కడికి చేరేసరికి పిల్ల ఓపిక అయిపోయింది. "ఇంత రాసి ఇంతేనా" అన్నది. ఇదే మాట మా నాయనమ్మ నోట విన్నాను, యాకుత్‌పురా ఇంట్లో, నాకు ఎనిమిదేళ్ళప్పుడు. పత్రిక మడిచి పక్కన పెట్టేశాను.

మా ఇల్లు స్టేషన్ వెనక సందులో ఉండేది. రైలు పోతుంటే గూట్లో గిన్నెలు గలగలలాడేవి, అతిథులు ఉలిక్కిపడేవారు, మేము మాట కూడా ఆపేవాళ్ళం కాదు. మేము పాలవాళ్ళం. తాత ఒక నవాబు దేవిడీలో, అంటే ఆయన మహలులో, పాలు పోసేవాడు. ఒకసారి అక్కడి బర్రె ఈనలేక చావుబతుకుల్లో ఉంటే తాత భుజం దాకా చేయి పెట్టి దూడను బయటికి లాగాడట. ఆ దూడ పుణ్యమా అని ఆ దేవిడీ పశువుల కొట్టం మీద అజమాయిషీ చేసే దారోగా అయ్యాడు తాత. అయిన నెలలోనే మా బర్రెల్ని అమ్మేశాడు. షేర్వానీ వచ్చింది, ఎర్ర రూమీ టోపీ వచ్చింది, నవాబుగారు వాడి వదిలేసిన కళ్ళజోడు ఒకటి వచ్చింది. పాలు పిండి పిండి మొద్దుబారిన వేళ్ళకు షేర్వానీ గుండీలు లొంగేవి కావు. వాటిని నాయనమ్మ పెట్టేది, పెడుతూ ముఖం పక్కకు తిప్పుకుని నవ్వుకునేది. తాత రోజూ పొద్దున అరుగు మీద కుర్చీ వేసుకుని, దేవిడీ నుంచి తెచ్చుకున్న రెండు రోజుల పాత ఉర్దూ పేపరును ముఖానికి ఎదురుగా పట్టుకుని గంటసేపు కూర్చునేవాడు. దారిన పోయేవాళ్ళు సలాం చేసి, "ఏమున్నది దారోగా సాబ్ పేపర్ల?" అని అడిగితే, "అంతా గడ్‌బడే" అనేవాడు. ఆ రోజుల్లో అది ఎప్పుడూ తప్పు జవాబు కాలేదు.

తాతకు ఒకే ఒక్క చెల్లెలు, దబీర్‌పురాలో ఉండేది. భర్త పోతే నాలుగు బర్రెల మీద కొడుకును పెంచి ఉర్దూ బడిలో మెట్రిక్ దాకా చదివించింది. అతను నాకు వరసకు మామ. చీకటితో లేచి పాలు పిండి, రైలు పట్టాల వెంబడే నడిచి వచ్చి మా ఇంట్లో పాలు పోసి, ఆ తరువాత బడికి పోయేవాడు. మా చిన్నత్తకు, అంటే మా నాన్న చెల్లెలికి, అతను మేనబావ. ఆమె ఉయ్యాలలో ఉన్నప్పుడే పెద్దవాళ్ళు అనుకున్న సంబంధం. తాత దారోగా కాకముందు దాన్ని గురించి ఎవరూ రెండోసారి ఆలోచించలేదు.

ఒకరోజు దేవిడీ మున్షీ మా అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. మామ పాలబిందె భుజాన పెట్టుకుని ఎప్పటిలా ముందు వాకిట్లోంచి, "మామా" అని తాతను పిలుచుకుంటూ వచ్చాడు. తాత అతని వైపు చూడకుండా, "పాలోళ్ళు ఎనక దర్వాజ నుంచి రావాలె" అన్నాడు. మామ సందు చుట్టి వెనక నుంచి వచ్చి పాలు పోసి వెళ్ళిపోయాడు. ఈ మాట దబీర్‌పురా చేరింది. తాత చెల్లెలు కూడా ఆ రక్తమే కదా. "మా అన్న తానొచ్చి పిలిస్తె తప్ప ఆ గడప తొక్క" అని కబురు పంపింది. మాలో పిల్లనడగాలంటే పిల్లవాడి తల్లి కుంకుమ, చక్కెర పట్టుకుని గడప తొక్కాలి. ఆమె తొక్కనన్నది, ఈయన పిలవడు. మధ్యలో మా చిన్నత్త.

చిన్నత్తకు అప్పుడు పద్దెనిమిది, పంతొమ్మిది ఉంటాయి. నల్లని పిల్ల, పెద్ద కళ్ళు, చటుక్కున నవ్వేది. వెనక దర్వాజ దగ్గర గిన్నె పట్టుకుని నిలబడే పని ఎవరూ చెప్పకుండానే ఆమెది అయిపోయింది. ముందు వాకిట్లో పోసినన్నాళ్ళూ పాలు కొలత ప్రకారం వచ్చేవి. వెనక దర్వాజకు మారాక కొసరు పెరిగింది. గిన్నె అంచు దాకా వచ్చిన పాలను చూసి నాయనమ్మ, "వీడు కొలత మర్చిపోయినట్టున్నడు" అని గొణుగుతూనే ఆ ఎక్కువ పాలు తోడు వేసేది. ఆ ఏడాది మేము తిన్నంత పెరుగు మళ్ళీ ఎప్పుడూ తినలేదు.

మామకు తెలుగు రాయడం రాదు. మా వైపు మగపిల్లలకు బడి అంటే ఉర్దూ బడే. చిన్నత్తకు ఉర్దూ రాదు. ఆమెకు తెలుగు అక్షరాలు నాయనమ్మ వాళ్ళన్న ఇంట్లో నేర్పారు. ఒకరివి ఒకరు నేర్చుకుందామని వెనక గోడ మీద బొగ్గుతో రాసుకునేవాళ్ళు. అతను పోసే పాలు, ఈమె పట్టే గిన్నె, ఆ కాసేపట్లో ఎన్ని అక్షరాలు వస్తాయి? ఆమెకు అలీఫ్, బే, పే దాటలేదు. ఇంతలో మామకు రైల్వేలో గుమాస్తా నౌకరి దొరికింది, నాందేడ్ వైపు ఏదో చిన్న స్టేషన్‌లో. పోయేరోజు కూడా పాలు పోసే పోయాడు. "కుదురుకున్నంక మామకు చిట్టీ రాస్త" అన్నాడట. అంతకంటే ఎక్కువ మాటలు వాళ్ళిద్దరి మధ్య నడవలేదని చిన్నత్త తరువాత నాతో చెప్పింది.

నౌకరి మాట వినగానే తాత మెత్తబడ్డాడు. మేనల్లుడు ఇక పాలవాడు కాదు, సర్కారు టోపీ పెట్టుకునేవాడు. అన్నం తింటూ నాయనమ్మతో, "అడగనీ, చూద్దాం. పిల్లనిచ్చేటోళ్ళం, మనంతట మనం పోయి అడుగుతమా" అన్నాడు. వడ్డిస్తున్న చిన్నత్త నాకు రెండు గరిటెల పప్పు ఎక్కువ వేసింది.

ఉత్తరం ఒక శుక్రవారం వచ్చింది. ఆ రోజు దేవిడీకి సెలవు, తాత అరుగు మీదే ఉన్నాడు. పోస్టు జవాను లావుపాటి లిఫాఫా చేతికిచ్చి సలాం కొట్టి పోయాడు. నాయనమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మా నాన్న బడి మొహం చూసినవాడు కాదు, పైగా పనికి పోయి ఉన్నాడు. చిన్నత్త తలుపు చాటున గొళ్ళెం పట్టుకుని నిలబడింది. తాత నవాబుగారి కళ్ళజోడు పెట్టుకుని నాలుగు కాగితాలూ తిరగేశాడు. ఏ కాగితం మీదా తొందరపడలేదు. పెదవులు కదిలించాడు, మధ్యలో ఒకచోట తల కూడా ఊపాడు.

"పోరడు మంచిగున్నడట. నౌకరి మంచిగున్నదట. అందరికి సలాములు రాసిండు" అన్నాడు.

"గంత రాసి గింతేనా?" అన్నది నాయనమ్మ.

"ఉర్దూల గట్లనే ఉంటది. సలాములకే మూడు కాగితాలు పడ్తయ్. నీకేమెరుక" అని ఉత్తరాన్ని మడిచి షేర్వానీ లోపలి జేబులో పెట్టుకున్నాడు. నాయనమ్మ ఇంకేదో అడగబోయి, ఆయన ముఖం చూసి పొయ్యి దగ్గరికి పోయింది.

ఆ తరువాత ఏమీ రాలేదు. చిన్నత్త పోస్టు జవాను వచ్చే వేళకు వాకిలి ఊడ్చేది. ఊడ్చిన వాకిలినే మళ్ళీ ఊడ్చేది. తాత కూడా కనిపెట్టుకునే ఉన్నాడు. నెల పోయింది, ఇంకో నెల పోయింది. మూడో నెలలో మా మంగలి కబురు తెచ్చాడు. మామకు దబీర్‌పురాలోనే ఎవరి పిల్లనో ఖాయం చేశారని, పదిహేను రోజుల్లో పెళ్ళని. తాత అరుగు మీద నుంచి లేచి లోపలికి వచ్చి నడి ఇంట్లో నిలబడ్డాడు.

"నౌకరి దొరకంగనె మామ యాదికి లేకపాయె. ఒక్క మాట అడిగిండా? అడిగితె నేను కాదందునా?" అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ ఉంది. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. చిన్నత్త మాత్రం అందరికీ వడ్డించి, తాను తిని, గిన్నెలు తోమి పెట్టింది.

మరుసటేడు ఆమెకు గుడిమల్కాపూర్‌లో కూరగాయల తోటలున్న ఒకాయనతో పెళ్ళి చేశారు. ఆయనకది రెండో పెళ్ళి, మొదటి భార్య కాన్పులో పోయింది. మంచివాడే. ఆ మాట చిన్నత్త నోట చాలాసార్లు విన్నాను, ప్రతిసారీ ఒకే గొంతుతో. అత్తగారింటికి పోయే ముందు ఆమె ఒక్క విషయంలో పట్టుబట్టింది. మా గోడ అవతల అందరూ ఖాలా అని పిలిచే ఒక పెద్దామె ఉండేది, ఆడపిల్లలకు ఉర్దూ చెప్పేది. నన్ను ఆమె దగ్గరికి పంపాల్సిందేనని తాతతో వాదించింది. తాతతో చిన్నత్త వాదించడం నేను చూసింది అదొక్కసారే. అట్లా నేను చదువుకున్నాను.

నాకు పదహారేళ్ళప్పుడు తాత పోయాడు. పదో రోజు ఆయన బట్టలు చాకలికి ఇచ్చేయాలి. వెనక వసారాలో కూర్చుని షేర్వానీ జేబులు చూస్తుంటే లోపలి జేబులో చేతికి కాగితం తగిలింది. మడతల దగ్గర పూర్తిగా చిరిగి, నాలుగు కాగితాలూ ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. ఎన్ని వందలసార్లు తీసి చూసి మళ్ళీ మడిచి పెట్టాడో. చిన్నత్త పక్కనే కూర్చుని బియ్యం చెరుగుతోంది, ఇద్దరు పిల్లల తల్లి అప్పటికి. అది చూడగానే చాట కింద పెట్టి, "చదువు" అన్నది.

ముక్కలు నేల మీద పేర్చుకుని చదివాను. మొదటి రెండు కాగితాలూ నిజంగానే సలాములు. మూడో కాగితం నుంచి ఉంది సంగతి. మీ నీడలో పెరిగినవాణ్ణి, మీ అమ్మాయినిచ్చి నన్ను మీ కొడుకును చేసుకోండి అని రాశాడు. అమ్మ తన పట్టుదల మానుకోదు, ఆమె తరఫున నేనే గడప బయట నిలబడి అడుగుతున్నాననుకోండి అని రాశాడు. మీ నుంచి ఒక్క ముక్క వస్తే సెలవు పెట్టి వస్తాను, నెలాఖరు దాకా చూస్తాను, రాకపోతే మీకు ఇష్టం లేదని అర్థం చేసుకుంటాను, మళ్ళీ ఈ మాట ఎత్తి మిమ్మల్ని కష్టపెట్టను అని రాశాడు.

చదవడం ఆపి తలెత్తాను. చిన్నత్త, "ఆఖరుది మళ్ళొక్కసారి చదువు" అన్నది. చదివాను. ఇంకోసారి చదవమన్నది. చదివాను.

"తాత ఇట్లెందుకు చేశాడు? ఇంత స్పష్టంగా రాస్తే ఎందుకు చెప్పలేదు?" అన్నాను. నాకు తాత మీద పట్టరాని కోపం వచ్చింది, పదో రోజు అని కూడా చూడలేదు.

"బాపుకు సదువు రాదు గదనే" అన్నది చిన్నత్త.

"మరి రోజూ పేపరు చదివేవాడు కదా?" అన్నాను.

"ఇంట్ల ఎవరికి ఎరుకలేదు? అవ్వకు ఎరుకే, మీ నాయినకు ఎరుకే. దేవిడీల లెక్కలన్నీ మున్షీ రాస్తుండె, బాపు మొహర్ గుద్దుతుండె. ఎవ్వలం నోటితోని అనకపోతుంటిమి, గంతే."

"మరి నీకు తెలిస్తే గోడ అవతలే ఖాలా ఉంది కదా, ఆమెతో చదివించుకోవద్దా?"

చిన్నత్త చాట మళ్ళీ చేతిలోకి తీసుకున్నది కాని చెరగలేదు. "బాపు తానం చేస్తుంటే రెండుమాట్ల జేబులకెళ్ళి తీసిన. గోడ దాక పోయిన గూడ. అందరి ముంగట కూసొని చదివిన చిట్టీని ఇంకొకల్తోని చదివిస్తే బాపు ఇజ్జత్ ఏం గావాలె? బిడ్డనే తీసినట్టయితది గదా. మళ్ళ పెట్టిన." చాటలో బియ్యం వేలితో కదుపుతూ, "మొదటి చిట్టీల సలాములే రాసిండేమో, మళ్ళ రాస్తడు గదా, అప్పుడు అడుగుతడు అనుకున్న" అన్నది.

ఆ ముక్కల్ని ఆమె పోగుచేసి కొంగున ముడివేసుకుని గుడిమల్కాపూర్ తీసుకుపోయింది. ఆ తరువాత నలభై ఏళ్ళు బతికింది కాని ఆ ఉత్తరం సంగతి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మామను ఆమె మళ్ళీ చూసిందో లేదో నాకు తెలియదు. తాత మీద నా కోపం మాత్రం ఆ రోజే పోయింది, ఎందుకంటే చదవలేని కాగితాన్ని అన్నేళ్ళు తీసి చూసుకున్న మనిషిని ఏమని తిడతాం? పంతొమ్మిదేళ్ళప్పుడు ఎవరికైనా కాలమంటే మళ్ళీ మళ్ళీ వచ్చేదే అనిపిస్తుంది, ఒక్కసారే వచ్చి పోయినదేదో ఆ వయసు దాటాకగాని తెలియదు.