ఎంతసేపు కారింది, అవ్వా?

ఈ ఉదయం గాజుపలక మీద నెత్తురు చుక్కను పలచగా పరిచి నీలిరంగు పోశాను. ఆ ఘాటు ముక్కుకు తగలగానే వనజ మేడం నా వెనక నిలబడినట్టే అనిపించింది. “తొందరెందుకు సరళా? కణం ఎక్కడికీ పారిపోదు, రంగు పట్టనీ” అనేవారు. మేడం పోయి రెండేళ్లయింది. కొన్ని కుటుంబాల్లో రక్త క్యాన్సర్ తరతరాలకూ ఎందుకు దిగివస్తుందో, జన్యువుల్లో ఏ తప్పు దానికి దారి తీస్తుందో వెతకడంలోనే ఆమె జీవితమంతా గడిచింది. నేను ఆమె దగ్గర చేరింది మాత్రం గొప్ప చదువు వల్ల కాదు. ధర్మపురి చుట్టుపక్కల ఎన్నో తరాలుగా ఉంటున్న తెలుగువాళ్ల ఇళ్లకు వెళ్లి వివరాలు రాసుకోవడానికి, వాళ్ల మాట తెలిసిన మనిషి ఆమెకు కావలసి వచ్చింది. మాది పాపిరెడ్డిపట్టి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు రాయడం కూడా మేడం దగ్గరే నేర్చుకున్నాను.

అదియమాన్‌కోట్టై దగ్గర గోవిందమ్మ అనే ముసలామె ఉండేది. ఆమె కొడుకులిద్దరూ రక్త క్యాన్సర్‌తోనే పోయారు. అప్పుడు పెద్దకొడుకు కూతురు, పంతొమ్మిదేళ్ల మంజులకు కూడా అదే జబ్బు వచ్చింది. అన్న మురళి ఎముక మూలుగ చక్కగా సరిపోయిందని, దాన్ని ఆ పిల్లకు ఎక్కించడానికి ఆసుపత్రిలో ఏర్పాట్లు జరుగుతున్నాయి. నేను ముందుగా వెళ్లి నాలుగు పేజీల ఫారం నింపుకొచ్చాను. ఇంట్లో ఎవరికైనా నెత్తురు ఆగకపోవడం ఉందా అన్నచోట ‘లేదు’ అని రాసి, కింద గీత కూడా గీశాను. అంత నమ్మకం నాకు!

మరుసటి వారం మేడం తానే వచ్చారు. మేం గడప దాటేసరికి మురళి నెత్తిన తడిగుడ్డ వేసుకుని, ముక్కులో దూది పెట్టుకుని కూర్చున్నాడు.

“ఏమైంది బాబూ?”

“ఏం లేదు మేడం, సూడు” అన్నాడు, వేడి చేసిందని తమిళంలో.

“మా ఇంట్లో అందరికీ అంతే డాక్టరమ్మా. ఒంట్లో వేడి. ఇంత మజ్జిగ తాగితే సరిపోతాది” అంది గోవిందమ్మ నవ్వుతూ.

నేనూ నవ్వాను. మేడం నవ్వలేదు. ముక్కులోంచి నెత్తురు వస్తే మా అవ్వ కూడా మాడుకు ఆముదం రాసి మజ్జిగే ఇచ్చేది. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, పుట్టినప్పటి నుంచి విన్న మాట నా చెవికి రోగంలా వినిపించనే లేదు. బయటి ఊరి మనిషి ఎవరైనా ఆ ఫారంలో ‘ఉంది’ అని రాసి ఉండేవారు.

మేడం గోవిందమ్మ పక్కన నేల మీద కూర్చున్నారు. జబ్బు సంగతి ఎత్తలేదు. “మురళికి చెవులు కుట్టించిన రోజు గుర్తుందా?” అన్నారు.

“గుర్తు లేకేమి! తీర్థమలైలో గదా. వాళ్ల మేనమామ ఒళ్లో కూర్చోబెట్టినాము.”

“నెత్తురు ఎంతసేపు కారింది, అవ్వా?”

“తెల్లారినా ఆగలేదు. మామ కొత్త పంచె ఎర్రగా అయిపోయినాది.”

మంజులకు? దానికీ అంతే. కొడుకులకు? వాళ్లకూ అంతే. చివరికి “మీకు?” అని అడిగితే, “మా అమ్మ పసుపు అద్ది అద్ది అలిసిపోయినాదంట” అంది. మేడం కాగితం మీద వంశవృక్షం గీస్తూ ఒక్కొక్కరినీ నల్లగా నింపుతున్నారు. ఏ ఆసుపత్రి కాగితంలోనూ లేనిది, యాభై అరవై ఏళ్ల నెత్తురు చరిత్ర, ఆ ముసలామె నోట గలగలా వస్తోంది. నల్లచుక్కలు గోవిందమ్మ దగ్గర మొదలై మురళి దాకా నేరుగా దిగాయి.

బయటికొచ్చాక నేను ఏడుపుమొహం పెట్టాను. “నువ్వు అబద్ధం రాయలేదులే” అన్నారు మేడం. “వాళ్లు రోగమనుకోనిది నువ్వూ అనుకోలేదు. ఇకమీద రోగం గురించి అడక్కు, జరిగింది అడుగు.” ఆ సాయంత్రమే అవ్వదీ పిల్లలిద్దరిదీ నెత్తురు జన్యుపరీక్షకు పంపి, ఆసుపత్రికి ఫోన్ చేసి, పరీక్ష ఫలితం వచ్చేదాకా మురళి మూలుగ ఎక్కించవద్దని వాదించారు. నెత్తురును ఆగనివ్వని జన్యువు తప్పే కొన్ని ఇళ్లలో ఈ క్యాన్సర్‌కూ దారి తీస్తుంది. మురళిలోనూ అదే తప్పు ఉంటే, పీకేసిన కలుపును మళ్లీ అదే మడిలో నాటినట్టవుతుంది. మంజుల తల్లి రాధమ్మ మాత్రం మా మీద విరుచుకుపడింది. “ఇంకా ఏం పరీక్షలు? నా బిడ్డకు ఆలస్యమైతే మీరు తెచ్చిస్తారా?” అంది. మేడం తల వంచుకుని విన్నారు.

మూడు వారాలకు ఫలితం వచ్చింది. మనిషి జన్యువుల రాతలో మూడు వందల కోట్ల అక్షరాలుంటాయి. అందులో ఒక్కటి మారింది. గోవిందమ్మలో, మంజులలో, మురళిలో సరిగ్గా అదే చోట. ఒక ముసలామె మాట పట్టుకుని ఆ ఒక్క అక్షరం దాకా నడిచి వెళ్లిన మనిషిని నేను నోరు తెరుచుకుని చూశాను. మంజులకు సగం సరిపోయిన తల్లి మూలుగే ఎక్కించాలని డాక్టర్లు నిర్ణయించారు.

ఆ మాట చెప్పడానికి వెళ్లినప్పుడు గోవిందమ్మ వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. కోడలు కాలు పెట్టిన వేళే ఇల్లు ఇలా అయిపోయిందని ఇరవై ఏళ్లకు పైగా ఆడిపోసుకున్న మనిషి ఆమె. అంతా విని, చేతిలో పండు పట్టుకునే అడిగింది. “అయితే ఇది నా నుంచి వచ్చినాదా?”

మేడం కాదంటే బాగుండునని నాకనిపించింది. ఒక్క అబద్ధంతో ఎవరికి నష్టం?

“అవునవ్వా” అన్నారు మేడం. “మీకు ఎవరిచ్చారో, వాళ్లకెవరిచ్చారో. ఎవరూ తెలిసి ఇచ్చింది కాదు. మీరు ఆ చెవుల సంగతి చెప్పకపోయుంటే మాత్రం మంజులకు మురళి మూలుగే ఎక్కించేవాళ్లం.”

గోవిందమ్మ చేతిలో పండు గింజ మళ్లీ తీయసాగింది. మేడమూ చాటను తనవైపు కాస్త లాక్కుని, గింజలు తీయడం మొదలుపెట్టారు. నేను మధ్యలో రెండుసార్లు గడియారం చూశాను. చాటలో పండంతా అయిపోయాక ముసలామె లేచి లోపలికెళ్లి, సంగటి ముద్ద గిన్నెలో వేసి కోడలి ముందు పెట్టింది. “నువ్వు తిను ముందు. పిల్లకు ఇయ్యాల్సినదానివి” అంది. రాధమ్మ ఏడుస్తూనే తింది.

మంజుల ఇప్పుడు హోసూరులో ఉద్యోగం చేస్తోంది. ఇప్పుడు ఆ ఇళ్లకు ఫలితాలు పట్టుకుని వెళ్లేది నేనే. పోయిన నెల ఒక తండ్రి, కొడుకు మంచం పక్కన నిలబడి, నా కళ్లలోకి చూసి అదే ప్రశ్న అడిగాడు. అవునని చెప్పాను. చెప్పి, ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన లేచేదాకా లేవలేదు.