డి డ్రైవులోని పాదాలు

వంకర పాదాలకు, పొట్టి కాళ్లకు బూట్లు కుట్టే కార్ఖానా అది. ఎవరి పాదం కొలత వాళ్లదే. కొలతలన్నీ ఓ పాత కంప్యూటర్లో ఉండేవి. పక్కనున్న యంత్రం వాటి ప్రకారం ప్రతి జతకూ అచ్చుగా చెక్కపాదాలు చెక్కేది. ఆ కంప్యూటర్‌ని కనిపెట్టుకుని ఉండేవాణ్ణి అందరూ "పెట్టె డాక్టర్" అనేవారు. "డాక్టరుండగా పేషెంటు చావదులే" అని వేళాకోళమాడేవారు. అతన్ని పనిలో పెట్టించింది అతని అక్క. ఆవిడ అక్కడే చెక్కపాదాలను గరుకు కాగితంతో నునుపు చేసేది.

పెట్టెలో బ్యాటరీ నీరసించిందని అతనికి తెలుసు. మారుస్తాను, మారుస్తాను అంటూనే రోజులు నెట్టాడు. ఒక సోమవారం కంప్యూటర్‌కి హార్డ్ డిస్కు కనిపించలేదు. బ్యాటరీ చచ్చి, డిస్కును ఎలా చదవాలో కంప్యూటర్‌కి చెప్పే అమరిక అంకెలు చెరిగిపోయాయి. కొత్త బ్యాటరీ వేసి, డిస్కు మీది చీటీలో ఉన్న అంకెలే ఎక్కించాడు. సి డ్రైవు లేచింది. కొలతలుండే డి డ్రైవు మాత్రం చిందరవందరగా కనిపించింది.

తప్పులున్నాయి, సరిచేయాలా అని తెర మీద ప్రశ్న వచ్చింది.

"ఇంకా ఎంతసేపయ్యా?" అన్నాడు గుమ్మంలోంచి యజమాని.

అతను అవునని నొక్కేశాడు.

అయినా ఒక్క కొలతా తెరుచుకోలేదు. తనకంటే ముందు ఆ కంప్యూటర్ చూసుకున్న పెద్దాయనకు ఫోన్ చేశాడు.

"చీటీ అంకెలు కాదు బాబూ, నేను వేరేవి పెట్టాను. రాసుకో. సరిచేయమని మాత్రం చెప్పలేదు కదా? తప్పుడు అంకెల మీద సరిచేస్తే అంతా కలగాపులగమైపోతుంది."

ఇతను ఫోన్ పెట్టేశాడు. ఆయన చెప్పిన అంకెలు వేస్తే డి డ్రైవు తెరుచుకుంది. పేర్లన్నీ ఉన్నాయి. లోపల ఒకరి పాదంలో ఇంకొకరి పాదం కలిసిపోయింది. నకలు తీసిన ఫ్లాపీలు బూజుపట్టాయి.

"నువ్వే నొక్కావా?" అంది అక్క.

"నేనే."

"ఎవరూ నొక్కమనలేదా?"

"లేదక్కా."

ఆ కొలతలు తీసిన ముసలి బూట్లపనివాడు అప్పటికే చనిపోయాడు. నొప్పి ఎక్కడో అడిగి అడిగి, ఏళ్ల తరబడి దిద్దిన కొలతలవి. కొత్తగా కొలిచి కుట్టిన జత ఒకావిడ మడమ కోసేసింది. ఆవిడ వాటిని బల్ల మీద పెట్టి, చిరిగిన పాతవే ఈడ్చుకుంటూ వెళ్లిపోయింది. తక్కినవాళ్లూ రావడం మానేశారు. చెక్కే విభాగం మూతపడి, అక్క పనీ అతని పనీ పోయాయి. యజమాని తిట్టలేదు, అదే అతనికి భరించరానిదైంది.

అక్క ఇప్పుడు ఓ గిడ్డంగిలో రోజంతా నిలబడి అట్టపెట్టెలకు చీటీలు అంటిస్తుంది. అతను ఫ్యాన్లు బాగుచేస్తాడు. సాయంత్రం ఆవిడ వాచిన కాళ్లు చాపుకుంటే వేడినీళ్లు తెచ్చి ముందు కూర్చుంటాడు.

"చాల్లేరా, ఇక లే" అంటుంది ఆవిడ.

అతను లేవడు.