టమాటా సంచిలో జొన్న మొక్క

నిన్న పొద్దున డ్యూటీకి బయలుదేరుతుంటే పక్కింటి పద్మ గేటు దగ్గర ఆపి ఒక టమాటా కొమ్మను నా చేతిలో పెట్టింది. చివరి ఆకులు ముడుచుకుని ఉన్నాయి. "ఏం తెగులు సిస్టర్? ఏం కొట్టమంటారు?" అని అడిగింది. నంద్యాలలో మా వీధివాళ్లు మనుషుల జ్వరాలతో పాటు చెట్ల జ్వరాలు కూడా నా దగ్గరికే తెస్తారు. కొమ్మ తిరిగిచ్చి చేతులు కడుక్కున్నాను గానీ ఆ పచ్చి ఘాటు వాసన వేళ్లను వదల్లేదు. ఆసుపత్రి చేరేదాకా ఆ వాసనతో పాటు మద్దిలేటి పెద్దనాయన కూడా నా స్కూటీ మీద వచ్చాడు. పద్మకు నేనిచ్చిన జవాబు కూడా ఆయనదే. "ఏం కొట్టాలో తర్వాత చూద్దాం. ఇప్పటిదాకా ఏం కొట్టారో ముందు చెప్పు."

ఆయన ఆళ్లగడ్డలో మా ఇంటి ఓనరు. మాకేమీ చుట్టం కాదు, వయసును బట్టి పెద్దనాయనా అని పిలిచేదాన్ని. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైనవాడు, భార్య పోయి ఒంటరిగా ఉండేవాడు. నేనప్పుడు కొత్తగా నర్సు ఉద్యోగంలో చేరాను. మా ఆయన బేతంచెర్లలో బండల పాలిష్ పని చేస్తూ ఆదివారాలు మాత్రం వచ్చేవాడు. మూడేళ్ల మా కీర్తనను నేను డ్యూటీ నుంచి వచ్చేదాకా గోడ అవతలి నరసమ్మక్క చూసుకునేది. ఏమైనా ఇవ్వబోతే తిట్టేది. ఆమె లేకపోతే నా ఉద్యోగం లేదు. ఆ సంగతి నా బుద్ధికి తెలుసు, నా నోటికే తెలియలేదు.

గోడ వెంబడి ఖాళీ సిమెంటు సంచుల్లో మట్టి నింపి పన్నెండు టమాటా మొక్కలు పెట్టాను. నారు పెద్దనాయన ఇచ్చిందే. ఆయన పెరట్లోనూ అదే నారుతో పెంచిన చెట్లు ఆరు ఉండేవి. నా మొక్కలకు కాస్త పేనుబంక పడితే, ఆయన తన తమ్ముడి కొడుకు దగ్గర స్ప్రే పంపు తెచ్చి, సబ్బునీళ్లలో వేపనూనె కలిపి అన్ని సంచులకూ కొట్టి పెట్టాడు. వారం తిరక్కుండానే చివరి ఆకులు సన్నబడి తాళ్లలా మెలిపడ్డాయి, కాడలు వంకర్లు పోయాయి. పురుగుమందుల అంగడాయన చూసి వైరస్ అని రెండు సీసాలు ఇచ్చాడు. పంపు ఇంకా మా ఇంట్లోనే ఉంది కాబట్టి అవి కూడా కొట్టాను. మొక్కలు ఇంకా ముడుచుకున్నాయి.

నాకు కోపం వస్తే దానికి ఒక మనిషి కావాలి. నరసమ్మక్క గోడ పక్కనే బట్టలు ఉతుకుతుంది. ముందు వారమే ఇద్దరం తూము నీళ్ల గురించి మాటా మాటా అనుకున్నాం. ఇంకేం కావాలి నాకు? ఒక సాయంత్రం గోడ ఇవతల నిలబడి, ఆమెకు వినపడేలా అన్నాను. "కడుపుమంట ఉంటే మనుషుల మీద తీర్చుకోవాల. సబ్బునీళ్లు పోసి చెట్లను సంపితే ఏమొస్తాది?"

అవతల బట్టలు బాదే చప్పుడు ఆగిపోయింది. మరునాడు పాపను తీసుకుని వెళితే తలుపు తెరుచుకోలేదు. మూడు రోజులు కీర్తనను ఆసుపత్రికి వెంటబెట్టుకుపోయాను. మూడో రోజు మా హెడ్ నర్సు తేల్చి చెప్పేసింది. "నెలాఖరు దాకా చూస్తా. పాపకు ఒక మనిషినన్నా చూసుకో, లేకుంటే వేరే ఉద్యోగమన్నా చూసుకో."

ఆ రోజు ఇంటికొచ్చి మొక్కలన్నీ పీకెయ్యబోయాను. పెద్దనాయన వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"పీకితే నీ కోపం తీరుతాది. కారణం తెల్దు."

"కారణం నాకు తెలుసు పెద్దనాయనా. గోడ అవతల ఉంది."

"సూసినావా?"

"చూడాల్నా?"

"సూడకుండా బోల్టు ఇప్పేవాణ్ని మేం డిపోలో స్పానరు ముట్టనిచ్చేవాళ్లం కాదు" అని జేబులోంచి సుద్దముక్క తీసి సంచుల మీద ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు వేశాడు. "ఒకేసారి రెండు బోల్టులు ఇప్పితే ఏది ఇప్పినందుకు బండి బాగయ్యిందో ఆ దేవునిక్కూడా తెల్దు. ఒకటి మార్చు, ఆగు, సూడు."

ఆ పట్టుదలకు మొదట విసుక్కున్నాను. టమాటా మొక్కలకు ఇంత విచారణా అనిపించింది. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే కళ్లద్దాలు పెట్టుకుని డ్యూటీకి వచ్చినట్టు వచ్చేవాడు. ఒక మొక్కను పెకలించి వేళ్లు కడిగి చూశాడు, తెల్లగా ఆరోగ్యంగా ఉన్నాయి. కాండం కోసి గ్లాసు నీళ్లలో నిలబెట్టాడు, వడలు తెగులైతే నీళ్లు పాలలా మారాలట, తేటగానే ఉన్నాయి. ఆకులు తిరగేసి వైరస్‌ను మోసుకొచ్చే తెల్లదోమ కోసం వెతికాడు, ఒక్కటీ దొరకలేదు. ఒక సంచిలో మట్టి మార్చాడు, ఇంకొకదాన్ని ఎండకు జరిపాడు. ఆ తర్వాత బకెట్ పట్టుకుని నరసమ్మక్క ఇంటికే పోయి ఆమె బట్టలుతికిన నీళ్లు అడిగి తెచ్చాడు. తన పెరట్లోని బంగారంలాంటి చెట్టుకు ఆ నీళ్లే వారం రోజులు పోశాడు. నేను లీవులు పెట్టి, డ్యూటీలు మార్చుకుని ఆ వారం నెట్టుకొచ్చాను. చెట్టుకు ఏమీ కాలేదు. పైగా రెండు పూలు పూసింది. ఆ పూలను చూసి నాకు సిగ్గు మొదలైంది.

"ఇంకొకటి సూడు. తెగులైతే ఒకరి ఇంటి నుంచి ఒకరి ఇంటికి పోయినట్టు పోతాది. ఇవన్నీ ఒకే దినం పండుకున్యాయి. ఏదో అన్నిటి మీదా ఒకేసారి పడింది" అన్నాడాయన.

ఏడో సంచి దగ్గర కూర్చుని ఆయన చాలాసేపు లేవలేదు. అందులో టమాటా పక్కన ఒక జొన్న మొక్క నిటారుగా నిలబడి ఉంది. నరసమ్మక్క రొట్టెల కోసం జొన్నలు చెరుగుతుంటే కీర్తన గుప్పిట్లో తెచ్చి మట్టిలో గుచ్చిన గింజ అది. దాని పక్కనే దానంతటదే మొలిచిన తోటకూర మాత్రం టమాటాలాగే మెలిపడింది.

"టమాటాకొచ్చిన తెగులు తోటకూరకు ఎందుకొస్తాది? తోటకూరను మెలేసింది జొన్ననెందుకు ముట్టలేదు?" అని తనను తానే అడుక్కున్నాడు. ఉన్నట్టుండి ఆయన మొహం మారిపోయింది. లేచి మూలనున్న పంపు మూత తీసి వాసన చూశాడు. తమ్ముడి కొడుక్కి ఫోను చేశాడు.

"రేయ్, ఈ పంపుతో నాకియ్యకముందు ఏం కొట్నావ్?"

"జొన్న చేన్లో కలుపు మందు పెదనాయనా. కడిగే ఇచ్చినా గదా."

"ఎన్నిసార్లు కడిగినావ్?"

"ఒకసారి."

పెద్దనాయన ఫోను పెట్టేశాడు. జొన్నను వదిలి వెడల్పాకు కలుపును చంపే మందు అది. అడుగున మిగిలిన కాస్తా వేపనూనెతో కలిసి నా మొక్కల మీద పడింది. వైద్యం చేశామనుకున్నాం, జబ్బు తెచ్చింది మేమే. రెండోసారి కొట్టింది నా చేత్తో నేనే. ఇక తెలిసిపోయింది కదా అన్నాను. ఆయన వినలేదు. ఆ పంపులో ఉత్త నీళ్లు పోసి తన పెరట్లోని మరో మంచి చెట్టుకు కొట్టాడు.

"ఎందుకు పెద్దనాయనా, కాయలతో ఉన్న చెట్టు?"

"అనుకునేది వేరే, తెలుసుకునేది వేరే. ఆమె ఇంటికి పోయి చెప్పాల గదా. అనుకున్న మాట చెప్తామా?"

అయిదో నాటికి ఆ చెట్టు చిగుళ్లు మెలిపడ్డాయి. ఆయన ఆ కొమ్మ తుంచి చేతిలో పట్టుకుని, చొక్కా మార్చుకుని, నన్ను వెంటబెట్టుకుని నరసమ్మక్క ఇంటికి నడిచాడు. ఆమె తలుపు తీసి నా వైపు చూడలేదు.

"నరసమ్మా, చెట్లను సంపింది నేను. పంపు కడుక్కోకుండా కొట్టినా. నీ నీళ్లలో ఏం ల్యా" అన్నాడు. అని, అంతటితో ఆగి నావైపు తిరిగాడు. "నా మాట నేను చెప్పినా. నీ మాట నీది."

నా తరఫున కూడా ఆయనే చెప్పేస్తాడని దారంతా ఆశపడ్డాను. "తప్పు నాది అక్కా. చూడకుండా అన్నాను" అన్నాను. ఏడుపు వచ్చింది.

"ఆ మాట గోడ ఆడ్నుంచి అన్న్యావు. ఈ మాట ఈడికొచ్చి చెప్తాండావ్. చాల్లే" అంది నరసమ్మక్క. తలుపు బార్లా తీసి, "పాప యాడ? అన్నం తినిందా?" అంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ రోజు నా ఉద్యోగాన్ని నిలబెట్టింది మాత్రం ఆమె మంచితనమే.

ముడుచుకున్న కొసలు కత్తిరించి నీళ్లు పోస్తూ వస్తే నాలుగు మొక్కలు మళ్లీ చిగురు వేశాయి. వాటి కాయలు తినొద్దని ఆయన గట్టిగా చెప్పాడు. "ఊరికే సూడు, బతికినాయి" అన్నాడు. మేం నంద్యాలకు మారిన కొన్నేళ్లకు ఆయన పోయాడు. ఆ కబురు ఫోనులో చెప్పింది నరసమ్మక్కే.

పోయిన ఏడాది మా వార్డులో ఒక ముసలామెకు ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. కోడలు మధ్యాహ్నం వంకాయ కూర తెచ్చి పెట్టింది. అత్త, కొడుకు, చుట్టుపక్కల మంచాలవాళ్లు అందరూ ఆ పిల్ల మీద పడ్డారు. "వంకాయ ఎందుకు తెచ్చావమ్మా?" అని నేనూ ఒక మాట వేశాను. ఆ పిల్ల తల వంచుకుని గిన్నెకు మూత పెట్టుకుంది. ఆ మూత చప్పుడుకు నాకు గోడ అవతల ఆగిపోయిన బట్టల చప్పుడు గుర్తొచ్చింది. కేసు షీటు తీసి చూశాను. ఆ మధ్యాహ్నం ఆమె ఒంట్లోకి పోయింది వంకాయ ఒక్కటే కాదు, దద్దుర్లు లేవడానికి కాస్త ముందు నేనిచ్చిన ఇంజెక్షన్ కూడా. ఆ మందు ఆమెకు పడదని పై వరుసలోనే రాసి ఉంది. నేను చూసుకోలేదు.

డాక్టరుకు చెప్పి విరుగుడు ఇప్పించాను. ముసలామె తేరుకుంది. ఎవరికీ చెప్పకుండా ఊరుకోవచ్చు, నింద వంకాయ మీదే పోయేది. ఆ మంచం దగ్గరికి నడిచి, అందరికీ వినపడేలా చెప్పాను. "తప్పు కోడలిది కాదు. ఇంజెక్షన్ ఇచ్చింది నేను, చూసుకోనిది నేను." తర్వాత నాకు మెమో ఇచ్చారు, తీసుకున్నాను.

కోడలు కొంగుతో మొహం తుడుచుకుని, రాత్రి భోజనానికి ఆ వంకాయ కూర గిన్నె మూత మళ్లీ తీసి, అత్త కంచంలో వడ్డించింది.