మట్టి ఎటు పోతది?

తొలకరి పడ్డ రోజున కారులో ఏసీ వేస్తే ఇప్పటికీ తడి బొగ్గు వాసన కొడుతుంది. ఎన్నిసార్లు కడిగించినా పోదు. మా గోదావరిఖనిలో ఏ బండికైనా అంతే. నా భార్య రమ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది. నాకు మాత్రం ఆ వాసన రాగానే పక్క సీట్లో సలీం ఉస్తాద్ కూర్చున్నట్టే ఉంటుంది. అద్దం దించి, మోచెయ్యి బయటపెట్టి, "ఏసీ బంద్ చెయ్యి బిడ్డా, గాలి రానీ" అనే మనిషి ఆయన. పోయి ఏడాది దాటింది.

ఓపెన్‌కాస్ట్ గనిలో నాకు డంపర్ నడపడం నేర్పింది ఆయనే. ఇల్లంత లారీ అది. బొగ్గు మీదున్న మట్టిని ఎత్తుకొచ్చి, బొగ్గు తీసేసిన పాత గోతిలో పోయడం మా పని. కొత్త గోతి మట్టితో పాత గోతిని పూడుస్తామన్నమాట. గట్టు అంచుకు వెనక్కి తెచ్చి తొట్టి లేపబోతుంటే, ఉస్తాద్ నా చెయ్యి పట్టుకుని ఆపేవాడు.

"మట్టి ఎటు పోతది?"

"కిందికి, ఉస్తాద్."

"కింద ఏమున్నదో చూసినవా?"

అద్దంలో చూసి, పక్కన నిలబడ్డ మనిషి జెండా ఊపితే గాని లేపనిచ్చేవాడు కాదు. ప్రతి ట్రిప్పుకీ అదే ప్రశ్న. ఈయనకు వేరే మాట రాదా అని మొదట్లో చచ్చేంత విసుగొచ్చేది. తర్వాత తర్వాత ఆయన అడగకముందే నా కళ్లు అద్దంలోకి పోయేవి.

లాభాల బోనస్ పడిన ఏడు చిన్న కారు కొన్నాను. చేతిలో ఉన్నది కొంత, మిగతాదంతా బ్యాంకు అప్పు. కొన్నాళ్లకు నా తోడల్లుడు శ్రీను పెద్ద కారు కొన్నాడు. అతను అత్తగారింటికి పోతే బావమరిది పరుగున వచ్చి కారు తలుపు తీశాడట. నాకు ఒక్కనాడైనా తీశాడా? అంతే, నా కారు నాకే అగ్గిపెట్టెలా కనిపించడం మొదలైంది. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేద్దామని షోరూంకు ఫోన్ చేశాను. వాళ్లు కట్టిన ధర నేను బ్యాంకుకు ఇంకా కట్టాల్సినదానికంటే తక్కువ. కారు ఇచ్చేసినా అప్పు తీరదన్నమాట. "టెన్షన్ వద్దు సార్, అది మేం చూసుకుంటాం" అన్నాడు అటువైపు అతను. ఆ మాటకే పడిపోయాను.

రమ పడలేదు. "వచ్చే జీతంల సగం కిస్తీకే పోతున్నది. ఇంక పెరిగితే పాపను కాలేజీల ఎట్ల చేర్పిస్తం?" అంది. నేను వినే రకం కాదని తెలిసి, "సరే, పో. ఉస్తాద్‌ను తోలుకపో" అంది.

షోరూంలో ఉస్తాద్ పెద్ద కారెక్కి, సీటు జరుపుకుని, స్టీరింగ్ నిమిరి, "మంచిగున్నది బిడ్డా" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. ఇంకేం, సంతకమే తరువాయి. కాగితాలు తెచ్చిన అమ్మాయిని ఆయన మెల్లగా అడిగాడు.

"బేటీ, పాత బాకీ ఎటు పోతది?"

"కొత్త లోన్‌లో కలిపేస్తాం అంకుల్. సార్‌కి తెలియను కూడా తెలియదు."

ఉస్తాద్ నా వైపు చూశాడు. గట్టు అంచున నా చెయ్యి పట్టుకున్నప్పటి చూపు అది. నేను కలం కింద పెట్టేశాను.

బయట చాయ్ తాగుతూ అన్నాడు. "పాత గోతి పూడ్చనీకి కొత్త గోతి తవ్వుతున్నవ్. మనం రోజు చేసేది గదే. గాని మనకు కింద బొగ్గున్నది. నీకు ఏమున్నది?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "మరి బావమరిది తలుపు తియ్యడు గదా ఉస్తాద్" అన్నాను.

"నీకు చేతులు లేవా? ఫికర్ చెయ్యకు. మంచిగ నడుస్తున్న బండి, బాకీ తీరేదాక తిప్పు. పా, ఇంటికి పోదాం."

ఆ చిన్న కారులోనే తిరిగొచ్చాం. గుండెల మీంచి బండ దించినట్టుంది. దారి పొడుగునా నేనే వాగాను. ఆయన సీటు వెనక్కి వాల్చి గురకపెట్టాడు. ఇంట్లో అడుగుపెడుతూనే నా మొహం చూసి రమ సంగతి గ్రహించింది. మళ్లీ చాయ్ పెట్టింది.

ఆ ఏడే పాప కాలేజీలో చేరింది. అప్పు తీరిన రోజు ఉస్తాద్‌ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పాను. "ఇగ అమ్ముతవా? నేనొస్త పా" అన్నాడు.

"అమ్మను ఉస్తాద్."

"ఎందుకమ్ముతవ్ లే, ఇయ్యాల్నే గదా నీదైంది" అని నవ్వాడు.

నిన్న శ్రీను ఫోన్ చేశాడు. తన కారిచ్చి ఇంకా పెద్దది తీసుకుంటున్నాడట. పాత లోన్ ఇంకా ఉంది గాని షోరూం వాళ్లే చూసుకుంటారట.

"ఎటు పోతదట?" అన్నాను.

"ఏంది?"

"గదే, పాత బాకీ. ఎటు పోతదట?"

శ్రీను గొంతు తగ్గించి, "రేపు నువ్వు గూడ రారాదూ, అన్నా" అన్నాడు.

పోతున్నాను. నా చిన్న కారులోనే. శ్రీనును పక్కన కూర్చోబెట్టుకుంటాను, ఏసీ మాత్రం వెయ్యను.