మొదటి పిన్

విర్వే లానెమెట్స్ ఎంత మొండిఘటమో టార్టులో ఆవిడ పనిచేసే ఆఫీసు మొత్తానికీ తెలుసు. సౌనా అనే ఆవిరిస్నానాల గదిలో వేడికి తాళలేక కుర్రాళ్లు బయటికి పరుగెత్తినా, ఆవిడ మాత్రం అన్నిటికన్నా వేడిగా ఉండే పై మెట్టు దిగదు. వాల్గాలో లెక్కల టీచరుగా మొదలుపెట్టి, ప్రభుత్వ రహస్యాలకు తాళాలు వేస్తూ జుట్టు నెరిసిపోయిన మనిషి. ఆ తాళాలు ఇనుపవి కావు, లెక్కలవి. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం తేలిక. వచ్చిన లబ్ధాన్ని బట్టి ఆ రెండూ ఏవో కనిపెట్టడం మాత్రం మామూలు కంప్యూటర్ల తరం కాదు. ఎస్టోనియా అంతా ఆ ధీమాతోనే నిద్రపోతోంది. సరైన క్వాంటం కంప్యూటరు వచ్చిన రోజున ఆ ధీమా కాస్తా గాలికి పోతుంది.

కొట్టే మొగుళ్ల నుంచి పారిపోయి, కొత్త పేర్లతో తలదాచుకున్న ఆడవాళ్ల చిరునామాలు ఆ తాళం వెనకే ఉన్నాయి. మొన్న ఎవరో వాటిని తాళంతో సహా కాపీ చేసుకుపోయారు. అయినా సరే, 'తాళం భద్రం, భయం లేదు' అనే పత్రం మీద సంతకం పెట్టమని పై అధికారి కౌపో వచ్చి కూర్చున్నాడు. ఆ సంతకం పడితే తాళమూ మారదు, ఇల్లు మారమని ఆ ఆడవాళ్లకు చెప్పే నాథుడూ ఉండడు.

"ఆ యంత్రం ఇంకా పుట్టనే లేదు కదా విర్వే!"

"పుడుతుందనే దొంగిలించారు. తెరవలేని పెట్టెని ఎవడైనా ఊరికే మోసుకెళ్తాడా? ఇవాళ తల్లితో దాక్కున్న పిల్ల అప్పటికి పెద్దదవుతుంది. వాళ్ల నాన్న అప్పటికీ చావడు."

"మంత్రిగారి ఆఫీసు వాళ్లు నా ప్రాణం తోడేస్తున్నారు. పెట్టెయ్ తల్లీ, నీకు పుణ్యముంటుంది."

విర్వేకి ఒళ్లు మండింది. తన గుర్తింపు కార్డు తీసి కంప్యూటరులో పెట్టింది. లోపలికి వెళ్లడానికి మొదటి పిన్, సంతకానికి రెండో పిన్. ఇక్కడ పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలిసిన సంగతే. తెర రెండోది అడిగింది. ఆవిడ కొట్టింది. తప్పని చూపించింది.

కౌపో నవ్వాడు. "మొదటి పిన్ కొట్టినట్టున్నావ్. మా అమ్మా ఇంతే, ఎప్పుడూ ఇదే పొరపాటు."

ఆవిడ మళ్లీ అదే కొట్టింది. అతని నవ్వు ఆగిపోయింది.

"ఇంకోసారి తప్పితే నీ కార్డు సంతకానికి పనికిరాదు, చూసుకో!"

"తెలుసు," అంటూ మూడోసారీ అదే కొట్టింది. ఆ కార్డుతో ఇక సంతకం పడదని తెర చెప్పింది.

"పిచ్చి పట్టిందా నీకు?"

"అంత తొందరైతే ఆ క్వాంటం యంత్రం వచ్చేదాకా ఆగు. ఈ కార్డు సంతకమూ ఆ లెక్కల తాళమే కదా, నా సంతకం అదే పెట్టేస్తుంది, నన్ను బతిమాలక్కర్లేదు. అందాకా నా చేత్తో ఈ అబద్ధం చెప్పించలేవు. కావాలంటే నువ్వు పెట్టుకో. ఆ ఆడవాళ్ల తలుపులు ఎవడో తట్టిన రోజున, ఈ కాగితం కింద నీ పేరుంటుంది."

కౌపో మొహం కందగడ్డయింది. విసురుగా తన కార్డు తోశాడు. తెర రెండో పిన్ అడిగింది. అతని వేళ్లు మీటల మీదే ఆగిపోయాయి. పక్కన కాఫీ చల్లారిపోయింది. చివరికి ఏదో కొట్టాడు. తప్పని చూపించింది.

"అది మొదటి పిన్ కదయ్యా," అంది విర్వే.

"మా అమ్మ పోలిక," అన్నాడు కౌపో, మళ్లీ అదే కొడుతూ.