నేను చూడలేకపోయిన పగులు

ఎనభైల తొలి రోజులవి. మాదన్నపేటలో అమ్మతో ఉంటూ, ఒక లోహ పరిశోధనశాలలో పనిచేసేదాన్ని. పగులున్న ఉక్కు పలకను మిషన్‌లో బిగించి లాగితే, ఆ పగులు కాసేపు మెల్లగా పాకుతుంది. ఒక బరువు దాటాక ఇక ఆగదు, పలక ఒక్కసారిగా రెండు ముక్కలవుతుంది. సాగే గుణమున్న ఉక్కుకు పాత లెక్కలు సరిపోవు. అందుకే కొత్త పద్ధతిలో ఆ బరువెంతో నేను ముందే లెక్కగట్టాను. ఆ లెక్క తప్పయితే ఏళ్ల తరబడి పడ్డ శ్రమంతా వృథా.

పరీక్ష రోజు, "నువ్వు చేసే పనేందో నేను గూడ చూస్త బిడ్డా" అంటూ అమ్మ వెంట వచ్చింది. మా పెద్దసారు సరేనన్నారు. మిషన్ మొదలైంది. పగులు కదలడం చూసి అమ్మ గాభరా పడింది.

"బంద్ చెయ్యుమను, అది పలుగుతది!"

"పలగాలనే లాగుతున్నమమ్మా. ఫికర్ చెయ్యకు."

బరువు చూపే ముల్లు నా అంకెకు దగ్గరవుతోంది. రెప్ప వేయకుండా చూస్తున్నాను. అంతలో అమ్మ నన్ను భుజం పట్టి వెనక్కి గుంజి, గుండెకు అదుముకుని, తలమీద కొంగు కప్పేసింది. ఢామ్మన్న చప్పుడు ఆ చీకట్లోనే విన్నాను.

"నీ లెక్క నిజమైందమ్మా!" అన్నారు సారు. చుట్టూ అందరూ నవ్వుతుంటే నాకు సిగ్గుతో ప్రాణం పోయినట్టయింది.

"ఏందమ్మా గిట్ల చేసినవ్? అసలు సంగతే చూడనియ్యలే!"

"ఉక్కే పలిగింది, నువ్వెంత బిడ్డా" అంది అమ్మ, నన్నింకా వదలకుండానే.

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ తర్వాత ఎన్నో పలకలు నా కళ్లముందే పగిలాయి. చప్పుడైన ప్రతిసారీ, ఎవరైనా వెనక్కి గుంజుతారేమోనని నా భుజం ఒక్క క్షణం ఎదురుచూసేది.