ఆదెప్ప మేక గీసిన గీతలు

గీయని గీతకు శిక్ష పడి హోసూరు చేరినవాడు ఆదెప్ప. కృష్ణగిరిలో అతను పనిచేసే కార్ల పాలిషు షెడ్డు ఓనరుగారి బావమరిది ఒక డాక్టరు కారును గేటుకు రాసేసి, "ఆదెప్ప పాలిషు పెడుతూ గీసేశాడు" అన్నాడు. బావమరిదిని పనిలోంచి తీసే ఓనరు ఇంకా పుట్టలేదు గనుక ఆదెప్ప పని పోయింది. డెబ్బై నాలుగులోనో అయిదులోనో జరిగిన సంగతి. హోసూరులో బెంగుళూరు రోడ్డు పక్కన సొంతంగా రేకుల షెడ్డు వేసుకునేసరికి అతనికొక జబ్బు పట్టుకుంది. ఏ కారు మీద ఏ గీత చూసినా "ఇది మేక పని" అనేవాడు.

తలుపు మీద గీత ఉంటే మేక కొమ్ము. బానెట్టు మీద ఉంటే మేక గిట్ట. కారు ఊటీలో గీసుకొని వచ్చినా నింద హోసూరు మేకదే.

పనిలో మాత్రం ఈ తిక్క లేదు. ముందు గీత మీద గోరు జార్చి చూసేవాడు. గోరు తట్టుకుంటే "ఇది పెయింటు పని, నాది కాదప్పా" అని పంపేసేవాడు. జారిపోతే ముఖం వెలిగిపోయేది. కడిగి, ఆరబెట్టి, పాత బనీను గుడ్డకు గీతలు పోగొట్టే కాంపౌండు ముద్ద అద్ది, పసిబిడ్డ వీపు నిమిరినట్టు సున్నాలు చుట్టేవాడు. మైనం పట్టించాక కారు తలుపులో తన మీసం చూసుకునేవాడు. వెంట్రుకలు విడివిడిగా కనిపించకపోతే మళ్ళీ మొదటికి.

నేనప్పుడు పనిలేనివాణ్ణి. లోకంలో న్యాయం లేదని లైబ్రరీ పుస్తకాల్లో కనిపెట్టి, ఆ సంగతి చెప్పడానికి రోజూ అతని షెడ్డుకు పోయేవాణ్ణి.

"లోకమంతా మోసమే, ఆదెప్పన్నా."

"అవునప్పా. ఆ బకెట్టు కొంచెం ఇట్లా జరుపు."

ఒకనాడు మేకలు కాచుకునే ముత్తప్ప కర్ర పట్టుకొని వచ్చాడు. "నా మేకల్ని యాల దొంగల్ని చేస్తావు, ఆదెప్పా? కారోళ్ళంతా నామింద పడి అరస్తా ఉండారు! నా మేకలకు కారంటేనే భయం. హారను ఇంటే చేన్లోకి దూకేస్తాయి!"

ఆదెప్ప నాలుక కరుచుకున్నాడు. అప్పటికప్పుడు ముత్తప్ప మందలోంచి ఒక బక్క మేకను కొని షెడ్డు గుంజకు కట్టేశాడు. "ఇంక నిందంతా దీనిదే. నీ మేకలు పతివ్రతలు, పో!"

బర్గూరులో రాతి వ్యాపారం చేసే కోదండరామయ్యగారి నల్ల అంబాసిడరు వచ్చింది ఆ తర్వాతే. గీతలు పైకప్పు మీద, నల్లటి రంగులో తెల్ల దారాల్లా ఉన్నాయి.

"నేను కాఫీ తాగి వచ్చేలోగా ఇది యెట్లయిందో తేల్చు" అన్నాడాయన. "మా డ్రైవరు పనే అయితే వీణ్ణి ఈడనే దించేసి పోతాను."

ఆయన రోడ్డు దాటగానే డ్రైవరు శివప్ప ఆదెప్ప చెయ్యి పట్టుకున్నాడు. "నేనేనన్నా. వెదురు పందిలి కింద దూర్చినాను. పని పోతే మళ్ళీ యాడ దొరకతాది? ఇంట్లో చంటిబిడ్డ ఉండాది."

"నువ్వు నోరు మూసుకో. నీకేం తెల్దు" అన్నాడు ఆదెప్ప.

కోదండరామయ్యగారు వచ్చాడు. "తేలిందా?"

"తేలింది సామీ. మేక."

"మేక కారు నెత్తి మీదకు ఎక్కుతాదా?"

"అదీ ఎక్కుతాది సామీ."

"ఏదీ, ఎక్కించు చూస్తాను! ఎక్కితే వీడి పని వీడికే."

పక్కనున్న ట్యాక్సీ స్టాండులోని డ్రైవర్లంతా మూగారు. ఆదెప్ప మేకను విప్పాడు. అది కారును చూసింది, జనాన్ని చూసింది, కోదండరామయ్యగారి పంచె అంచు నోట పెట్టుకుంది.

"ఇదేనా ఎక్కేది?" అని ఆయన పంచె లాక్కున్నాడు.

శివప్ప ముఖంలో నెత్తురు లేదు. ఆదెప్ప మాత్రం తీరిగ్గా కారు పైకప్పు తుడుస్తున్నాడు. ఆ గుడ్డలోంచి గుప్పెడు అవిసాకు జారడం బల్ల మీద కూర్చున్న నాకొక్కడికే కనబడింది.

తర్వాత మేకను ఆపడం ఎవరి తరం కాలేదు. బానెట్టు, అద్దం, పైకప్పు! మీటింగులో మంత్రిలా నడినెత్తిన నిలబడి నాలుగు దిక్కులూ చూసి, ఆకు నములుతూ "మ్యే" అంది. డ్రైవర్లు ఈలలు వేశారు.

"దించండ్రా! నా కారు!"

దించేసరికి పాత గీతలేవో కొత్త గీతలేవో బ్రహ్మకు కూడా తెలియదు. కోదండరామయ్యగారు మేక నమిలిన పంచె అంచు దులుపుకున్నాడు. చివరికి, "శివప్పా, పాలిషు అయినాక బండి తీసుకొని రా" అని బస్సెక్కి పోయాడు.

ఆదెప్ప గీతలన్నిటి మీదా గోరు జార్చి చూశాడు. "తట్టలేదు! ఒక్కటీ తట్టలేదప్పా!" అని గంతు వేశాడు. సాయంత్రం దాకా ఎండలో పైకప్పు రుద్దుతూనే ఉన్నాడు. హోసూరులో ఒక్క డ్రైవరుకైనా గీత వల్ల పని ఎందుకు పోలేదో నా పుస్తకాల్లో లేదు. ఆ రోజు తెలిసింది.

ఆదెప్పను నేను చివరిసారి చూసింది ఎనభై మూడులో. నేను షెడ్డులో ఉండగా శివప్ప ట్యాక్సీ తెచ్చి ఆపాడు. కారు పాతదే గాని అతని సొంతం. వెనక తలుపు మీద గీత. శివప్ప అలవాటుగా తల వంచి, చేతులు నలుపుకుంటూ, "మేక గీసిందన్నా" అన్నాడు.

ఆదెప్ప గుడ్డ భుజాన వేసుకొని కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"ఒరే శివప్పా, ఇప్పుడు ఓనరువు నువ్వేరా! ఇంక నీకు మేక యాల? నేనే గీసినానని గట్టిగా చెప్పు, బెంగుళూరు దాకా వినబడాల!"